సిల్వి పిన్ని గుండెలో సున్నం

మా కోర్పివారా ఊళ్ళో మగవాళ్ళు అడవిలోనే పోయేవాళ్ళు. చెట్టు మీదపడి కాదు, గుండె ఆగి. రంపం చేతిలో ఉండగానే మంచులోకి ఒరిగిపోయేవాళ్ళు. సాయంత్రం గుర్రం ఒక్కటే ఇంటికి నడిచి వచ్చేది. సిల్వి రీకోనెన్ తండ్రి అలాగే పోయాడు. ఆమె పెద్దన్న ఆవిరి స్నానాల గదిలో వేడి రాళ్ళ మీద నీళ్ళు చిలకరిస్తూ పోయాడు. చిన్నన్న పెళ్ళయిన ఏడాదే పోయాడు. మా తూర్పు ఫిన్లాండులో ఆ రోజుల్లో దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. నలభై దాటిన మగవాడికి రావలసిన చావు అదే అనుకునేవాళ్ళు.

సిల్వి మా ఊరి బడిలో వంటమనిషి. మేమంతా ఆమె వండింది తిని పెరిగాం. "వంట పిన్ని" అని పిలిచేవాళ్ళం. నాకు యాభై దాటాక కూడా ఆమె పిన్నే. నేను టాక్సీ నడుపుతాను. మా ఊరికి ఆసుపత్రి దూరం, బస్సు ఎప్పుడో ఆగిపోయింది, అందుకని రోగులను టాక్సీలోనే పంపుతారు. ఆమె చివరి ఏళ్ళలో ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ నా బండిలోనే వెళ్ళింది. ఆమె కథ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పందొమ్మిది వందల డెబ్బైలలో డాక్టర్లు మా జిల్లాకు వచ్చి, వెన్న తగ్గించండి, ఉప్పు తగ్గించండి, సిగరెట్లు మానండి, బీపీ చూపించుకోండి అని చెప్పడం మొదలుపెట్టారు. ఊరూరా కొందరు ఆడవాళ్ళను తమకు సాయంగా రమ్మన్నారు. మా ఊళ్ళో మొదట చెయ్యి ఎత్తింది సిల్వి పిన్ని. మిగతావాళ్ళకు అది ఒక పని. ఆమెకు తండ్రి, అన్నల తరఫున తీర్చుకోవలసిన పగ. బడి బల్లల మీంచి వెన్న తీసేసింది. సూపుల్లోంచి కొవ్వు తీసేసింది. అక్కడితో ఆగక ఇళ్ళ మీద పడింది.

ఆవులు మేపుకునే ఎమీల్ హ్యుత్తినెన్ ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ కూడా ఉందట. ఆ సంగతి అమ్మ పోయేదాకా చెప్పుకుని నవ్వేది.

"పాలు అమ్ముకుని బతికేవాడి ఇంటికొచ్చి వెన్న తినొద్దంటావా? నీకేమైనా మతి పోయిందా సిల్వీ?" అన్నాడట ఎమీల్.

"మతి ఉంది కాబట్టే వచ్చా. నీ పెళ్ళాం విధవ కావాలా నీకు?"

"అయితే అవనీ. పండగ చేసుకుంటుంది."

"చేసుకోదు. అడిగే వచ్చాను. నీ ఆవులు పితకడం తన వల్ల కాదంది."

ఎమీల్ నవ్వుతూనే ఉన్నాడట, ఆమె అతని చొక్కా చెయ్యి పైకి మడిచి బీపీ పట్టీ చుట్టేసింది. అంకె చూసి మరుసటి రోజే ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్ళింది. అప్పటినుంచి అతను మాత్రలు మానలేదు. వెన్న కూడా మానలేదనుకోండి.

ఇంట్లో ఆమె భర్త ఓయివా, రోడ్ల మీద మంచు తోసే బండి డ్రైవరు. మాట తక్కువ మనిషి. ఆమె పెట్టిన ఎండు రై ధాన్యపు రొట్టె వంక పెట్టకుండా తినేవాడు. తన బండిలో సీటు వెనకాల మాత్రం ఒక వెన్న పొట్లం ఉండేది. అది ఊరందరికీ తెలుసు. ఒకసారి నేను నోరు జారితే ఆమె తొణక్కుండా అంది: "నాకు తెలీదనుకున్నావా హెల్కా? ఆ బండిలో ఉన్నంతసేపే తింటాడు కదా అని ఊరుకున్నా. ఇంట్లో తింటే చంపేస్తా."

ఏళ్ళు గడిచాయి. మా ఊరి మగవాళ్ళు యాభై దాటారు, అరవై దాటారు. మనవల్ని ఎత్తుకున్నారు. గుర్రాలు పోయి యంత్రాలు వచ్చాయి. అడవి నుంచి అందరూ నడిచే ఇంటికి వస్తున్నారు. దానికి సిల్వి పిన్నికి ఎవరూ దండం పెట్టలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు. పిల్లలు లేరు వాళ్ళకు. బడి నుంచి రిటైరయ్యాక ఓయివా, ఆమె, సరస్సు ఒడ్డున ఇల్లు, వల, దుంపల మడి. షుగర్ మాత్రం వచ్చింది ఆమెకు. లెక్కగా తినేది, లెక్కగా మందులు వేసుకునేది.

జబ్బు మొదలైన రోజు నేను ఆమెతోనే ఉన్నాను. చిత్తడి నేలలో పసుపుపచ్చ హిల్లా పళ్ళు ఏరడానికి వెళ్ళాం. దోమలు ముసురుతున్నాయి. ముందు నడుస్తున్న పిన్ని ఉన్నట్టుండి బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది. ఏరిన పళ్ళన్నీ నాచులో పడ్డాయి.

"ఏమైంది పిన్నీ?"

"ఎవడో బూటు కాలితో రొమ్ము మీద నిలబడ్డట్టుంది. ఉండు, దిగుతాడేమో."

కాసేపటికి దిగాడు. నేను ఆసుపత్రి అన్నాను. ఆమె చెయ్యి ఊపేసింది. "గుండె జబ్బు మగాళ్ళదే! నాకెందుకొస్తుంది? నేనేం తిన్నానని?"

మూడోసారి ఆ బూటు వచ్చినప్పుడు ఓయివానే నాకు ఫోన్ చేశాడు. యోయెన్సూ పట్నం ఆసుపత్రిలో మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపించి రంగు ఎక్కించి చూశారు. గుండెకు ముందువైపు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం దాదాపు పూడిపోయింది. గోడల నిండా సున్నం. పాత నీళ్ళ పైపులో పేరుకున్నట్టు గట్టిగా పేరుకుపోయింది అన్నాడు అక్కడి డాక్టరు. బెలూన్ ఊది, దారి తెరిచి, స్టెంట్ పెట్టారు.

ఇంటికి తెచ్చిన మరుసటి వారమే ఆమె కట్టెలు కొడుతోంది. ఆ వేసవంతా ఆమె మొహంలో ఒక వెలుగు ఉండేది. సరస్సు ఒడ్డున చెక్కల వేదిక మీద శనివారం డాన్సులకు ఓయివాను లాక్కొచ్చేది. అకార్డియన్ ఆగినా ఆమె ఆగేది కాదు. "ఇన్నాళ్ళూ ఊపిరాడక అది ముసలితనం అనుకున్నానే. కాదు, పైపులో చెత్త!" అని అందరికీ చెప్పేది.

మంచు పడ్డాక ఒకరోజు కట్టెల షెడ్డు నుంచి వస్తూ తలుపు దగ్గరే ఆగిపోయింది. అదే బూటు.

మళ్ళీ యోయెన్సూ. మళ్ళీ గొట్టం. స్టెంట్ పెట్టిన చోటే సన్నబడింది. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. సున్నం రాయిలా ఉండటం వల్ల స్టెంట్ పూర్తిగా విచ్చుకోలేదు. పైగా గాయం మానేటప్పుడు మచ్చ కట్టినట్టు లోపలి కండ దాని మీదికి పెరిగింది. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. ఈసారి మందు పూసిన బెలూన్‌తో తెరుస్తామన్నాడు. తెరిచారు. కొన్ని నెలలు బాగుంది. పళ్ళ కాలం రాకముందే మళ్ళీ మూసుకుంది.

అప్పుడు కువోపియోలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ వజ్రపు పొడి అంటించిన చిన్న డ్రిల్లును నాళంలోకి పంపి సున్నాన్ని అరగదీశారు. ఆపైన ఇంకో స్టెంట్. తిరిగొచ్చేటప్పుడు పిన్ని హుషారుగా ఉంది.

"నా గుండెలో బోరు వేశారే హెల్కా."

"నీళ్ళు పడ్డాయా?"

"పడ్డాయట. మోటారు పెట్టుకోవడమే తరువాయి."

వెనక సీట్లో ఓయివా కూడా నవ్వాడు. అతను అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

ఏడాది తిరక్కుండానే ఆ బోరు పూడింది. ఈసారి కువోపియోలో డాక్టర్ లిండ్రూస్ అనే ఆమె మమ్మల్ని గదిలోకి పిలిచింది. ఓయివా రాలేనన్నాడు. నడవాలో కోటు మెడదాకా బిగించుకుని కూర్చుండిపోయాడు. నేనే పిన్ని పక్కన కూర్చున్నాను. డాక్టరమ్మ తెర మీద నాళాల బొమ్మ చూపించింది. బైపాస్ గురించి సర్జన్లతో మాట్లాడానంది. నాళాలు చివరిదాకా సున్నం పట్టి ఉన్నాయి, కొత్త నాళాన్ని కుట్టడానికి మెత్తటి చోటు ఎక్కడా లేదు, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి, ఆపరేషన్ తట్టుకోలేరని వాళ్ళు అన్నారట. స్టెంట్ లోపల మళ్ళీ తెరవొచ్చు. ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం.

పిన్ని ఆ బొమ్మలో సున్నం పట్టిన చోటు మీద వేలు పెట్టింది.

"డాక్టరమ్మా, ఒక్కటి చెప్పండి. నేనెక్కడ తప్పు చేశాను?"

"మీరేం తప్పు చెయ్యలేదు. మందులు మానలేదు, పొగ తాగలేదు, తిండి విషయంలో మీకంటే జాగ్రత్తగా ఉన్నవాళ్ళను నేను చూడలేదు. మీ నాన్నగారి నుంచి కొంత వచ్చింది. షుగర్ కొంత చేసింది. మిగతాది ఎందుకో మాకూ తెలీదు."

"తప్పు ఉంటే బాగుండేది," అంది పిన్ని. "ఉంటే దిద్దుకునేదాన్ని."

డాక్టరమ్మ తెర ఆర్పేసింది. చెయ్యి చాచి పిన్ని చేతిమీద పెట్టింది. పిన్ని మర్యాదకు కాసేపు ఉంచి చెయ్యి తీసేసుకుంది. మళ్ళీ తెరిచే సంగతి ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెబుతానంది.

ఆ రోజు ఊళ్ళోకి వచ్చేసరికి ఓయివా కాఫీ తాగుదామన్నాడు. కొట్టు పక్కన కాఫీ బల్లల దగ్గర ఎమీల్ హ్యుత్తినెన్ ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, బుగ్గలు ఎర్రగా, చేతిలో వెన్న దట్టించిన బన్ను. అతనికి వేళాకోళం ఊపిరి లాంటిది. సిల్వి పిన్నిని చూడగానే బన్ను పైకెత్తాడు.

"చూశావా సిల్వీ! బతుకంతా వెన్న తిన్నోణ్ణి, గుండ్రాయిలా ఉన్నా. నువ్వేమో గడ్డి తిని గొట్టాలేయించుకుంటున్నావు."

పక్క బల్ల వాళ్ళు నవ్వారు. అతని మాటలకు అందరూ ఎప్పుడూ నవ్వుతారు, పిన్ని అంతకు రెట్టింపు జవాబు ఇస్తుంది, అది అలవాటు. ఆ జవాబు కోసమే అందరూ ఆమె వైపు చూశారు. ఆమె వెనక్కి తిరిగింది. సంచి తీసుకుని బయటికి నడిచింది.

ఓయివా కప్పు కింద పెట్టాడు. "ఆ బన్ను నీ గొంతు దిగుతోందంటే ఎవరి పుణ్యం ఎమీల్? నీ చొక్కా మడిచి పట్టీ కట్టిందెవరు? అది లేకపోతే ఈపాటికి నీ ఎముకలు కూడా మిగిలేవి కాదు." అంత పొడుగు మాట అతని నోట ఊళ్ళో ఎవరూ విని ఉండరు. ఎమీల్ మొహం పాలిపోయింది. తర్వాత కొన్నాళ్ళకు పిన్ని వాళ్ళ గుమ్మంలో ఒక చేపల సంచి కనిపించింది. ఎమీలే తలుపు కొట్టకుండా పెట్టి వెళ్ళిపోయాడు.

పిన్ని నా బండిలో కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని ఎమీల్‌ను తిట్టాను.

"వాణ్ణెందుకు అంటావు? నిజమే కదా అన్నాడు," అంది. అద్దంలోంచి బయటికి చూస్తూ మెల్లగా అంది: "మా నాన్న ఒక్క క్షణంలో పోయాడే. నొప్పి తెలిసిందో లేదో. ఆ క్షణం నుంచి ఊరందర్నీ తప్పిస్తున్నాననుకున్నా నేను. తప్పించి ఎక్కడికి తీసుకొచ్చాను? ఇక్కడికేనా?"

నేను బండి స్టార్ట్ చేసి ఓయివా కోసం చూశాను.

అప్పటినుంచి ఆసుపత్రికి రానంది. నాలుక కింద కొట్టుకునే స్ప్రే జేబులో పెట్టుకుని ఇంట్లోనే తిరిగేది. మొదట వరండా దాకా, తర్వాత వంటగది దాకా. చివరికి మంచం నుంచి కిటికీ దాకా వెళ్ళడానికి కూడా మధ్యలో కుర్చీ కావలసి వచ్చింది. ఓయివా బతిమాలేవాడు. నన్ను చెప్పమనేవాడు. ఆమె ఒకటే మాట: "తెరుస్తారు, మూసుకుంటుంది. తెరుస్తారు, మూసుకుంటుంది. ప్రతిసారీ ఆశపడి చావలేను."

తను ముందు పోతానని ఆమెకు గట్టి నమ్మకం. ఓయివాకు దుంప ఉడకబెట్టడం కూడా రాదు. అందుకని ఆ చలికాలం అతనికి వంట నేర్పడం పెట్టుకుంది. తను కుర్చీలో, అతను పొయ్యి దగ్గర. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒకటి మాడిన వాసన.

"కలుపు. కలుపుతూ ఉండు. గంజి అది, మంచు కాదు పక్కకు తోసెయ్యడానికి!"

"కలుపుతున్నాగా."

"కలపడం లేదు, దానికి భయపడుతున్నావు."

"నువ్వు అరుస్తుంటే గంజి కూడా భయపడుతోంది."

అతను మెల్లగా నేర్చుకున్నాడు. చేపల సూపు వచ్చింది. రై పిండి పల్చగా ఒత్తి, అన్నం గంజి పెట్టి, అంచులు ముడిచి కాల్చే పిరక్కాలు కూడా వచ్చాయి. అంచులు వంకరగా ఉన్నా పిన్ని ఒకటి తిని తల ఊపింది. "బడిలో పెట్టొచ్చు," అంది. ఓయివా పసివాడిలా సిగ్గుపడ్డాడు. నిశ్చింతగా పోతానని ఆ రోజు నాతో అంది. నేను చూసిన వాటిలో ఆమె మొహం ప్రశాంతంగా ఉన్న రోజు ఆ కాలంలో అదొక్కటే.

మార్చి నెల. ఎండ బాగా కాస్తోంది, సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. పొద్దున్న ఓయివా మంచుకు కన్నం కొట్టి కింద వేసిన వల తీయడానికి వెళ్ళాడు. ఇంటి కిటికీలోంచి ఆ చోటు కనిపిస్తుంది. పిన్ని కుర్చీలో కూర్చుని చూస్తోంది. అతను వల సగం లాగాడు. ఆగాడు. పక్కనే ఉన్న, మంచు మీద తోసుకుపోయే కుర్చీబండి మీద కూర్చున్నాడు, అలసట తీర్చుకునేవాడిలా. ఇక లేవలేదు.

నాకు ఫోన్ వచ్చేసరికి నేను ఊళ్ళోనే ఉన్నాను. "ఓయివా కూర్చున్నాడు," అంది పిన్ని. అంతే అంది. అంబులెన్సుకు చెప్పి నేను వెళ్ళేసరికి ఆమె ఇంట్లో లేదు. మెట్లు దిగి, పెరట్లో సగం దూరం దాటి, మంచులో మోకాళ్ళ మీద ఉంది. కాళ్ళకు ఉన్ని మేజోళ్ళే, బూట్లు లేవు. స్ప్రే సీసా గుప్పిట్లో ఉంది. పెదాలు బూడిద రంగుకు తిరిగాయి. నన్ను చూసి సరస్సు వైపు చెయ్యి చూపించింది.

"నన్నొదులు. వాడి దగ్గరికెళ్ళు."

పరిగెత్తాను. ఓయివా చెయ్యి అప్పటికే చల్లబడింది. వలలో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. గుండె ఒక్కసారిగా ఆగిపోయిందని డాక్టర్లు తర్వాత చెప్పారు, ఎవరైనా పక్కన ఉన్నా బతికేవాడు కాదేమో అన్నారు. ఆ "కాదేమో" పిన్నికి ఎందుకూ పనికిరాలేదు.

"ఇంటి ముందు సరస్సు. అక్కడిదాకా నడవలేకపోయానే," అని మాత్రం అనేది. అడిగినవాళ్ళతో అదే, అడగనివాళ్ళతో అదే.

ఒంటరిగా ఉండే స్థితిలో లేదు కాబట్టి మండల కేంద్రంలో వృద్ధుల ఆశ్రమంలో చేర్చారు. అక్కడి డాక్టరు కువోపియోకు రాశాడు. డాక్టర్ లిండ్రూస్ మరోసారి ప్రయత్నిద్దామంది. ఈసారి పిన్ని సరేనంది. నాకు ఆశ్చర్యం వేసి దారిలో అడిగాను.

"వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి," అంది. "చెప్పే ఓపిక లేదు."

పాత స్టెంట్ల లోపల ఇంకొకటి పెట్టారు. అది ఇదివరకటి వాటికన్నా బాగా విచ్చుకుందట. డాక్టరమ్మ సంతోషంగా బొమ్మ చూపించింది, నాళంలో రక్తం నల్లటి తాడులా చివరిదాకా పారుతోంది. పిన్ని "మంచిది" అని కోటు అడిగింది.

జూన్‌లో ఆమె ఇంటిని ఒకసారి చూస్తానంటే తీసుకెళ్ళాను. గడ్డి నడుము దాకా పెరిగింది. నేను తాళం తీస్తుండగా ఆమె లోపలికి రాకుండా పెరటి దారి పట్టింది. కర్ర కూడా తీసుకోలేదు. నేను వెనకాలే వెళ్ళాను. ఒడ్డు దాకా నడిచింది. నీళ్ళ అంచున నిలబడింది. తిరిగి మెట్ల దాకా వచ్చింది. మళ్ళీ ఒడ్డు దాకా వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు, రొమ్ము మీద చెయ్యి వెయ్యలేదు.

"నొప్పి ఉందా పిన్నీ?"

"లేదు. ఏమీ లేదు." నా వైపు తిరిగింది. ఆమె ఏడవడం నేను మొదటిసారి చూశాను. "చూడవే. ఇప్పుడు నడవగలుగుతున్నా. ఇప్పుడు!"

అక్కడే గడ్డిలో కూర్చోబెట్టాను. దోమలు కుడుతున్నా ఆమె తోలుకోలేదు. చాలాసేపటికి, "పద, అక్కడ భోజనాల వేళ దాటితే వాళ్ళు కంగారు పడతారు," అని తనే లేచింది. ఇంట్లోకి మాత్రం వెళ్ళలేదు.

ఆ స్టెంట్ ఆ వేసవి పనిచేసింది. ఆమెకు ఆ బలంతో చేసుకోవలసిన పని ఏమీ లేదు. ఆశ్రమం నడవాలో నడిచేది, తోట చుట్టూ నడిచేది. నర్సులు ఆమెను చూపించి మిగతావాళ్ళకు బుద్ధి చెప్పేవాళ్ళు, సిల్విని చూడండి ఎంత చురుగ్గా ఉందో అని. ఆకులు రాలే కాలానికి నడక మధ్యలో ఆగడం మొదలైంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడేది. నేను కనిపెట్టి అడిగితే తల ఊపింది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే. నాకు తెలుసుగా."

ఆమె గొంతులో బాధ కూడా లేదు. బాధ ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది. నేనే నర్సులకు చెప్పాను, వాళ్ళు కువోపియోకు రాశారు, తారీఖు వచ్చింది. ఉదయాన్నే బయలుదేరాలని నేను బండికి చలికాలపు టైర్లు కూడా వేయించాను.

ఆ తారీఖుకు ముందే, ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. పక్కనున్న ముసలామె నిద్రపోతోందనుకుని తన శాలువా తీసి కప్పిందట.

స్వీడన్‌లో ఉన్న ఆమె మేనల్లుడు అంత్యక్రియల వేళకు వస్తానన్నాడు. మిగతా పనులు నేనే చూశాను. కువోపియోకు కూడా ఫోన్ చేసి, సిల్వి రీకోనెన్ రావడం లేదని చెప్పాను. అవతలి అమ్మాయి మర్యాదగా, ఇంకో తారీఖు ఇమ్మంటారా అని అడిగింది.

"అక్కర్లేదండీ," అన్నాను.